నక్తవ్రతము చేయు చెట్టు

జెముడు అను మాట వినగానే మనకు కంచె జ్ఞప్తికి వచ్చును గాని పూలకుండీ జ్ఞప్తికి రాదు. మా భోగాపురపు ప్రాంతమున జీడిమామిడి తోటల గట్లమీదను, సరుగుడు తోటల సరిహద్దులయందును జెముడు పశువుల నాపుటకై పెరుగునదే గాని, ప్రేమతో పెంచబడునది కాదు. అట్టిది కొన్ని సంవత్సరములనుండి కడియపు నర్సరీల మూలమున నానావిధములైన ముళ్లమొక్కలు చిన్న చిన్న కుండీలలో మన యిండ్లకు వచ్చుచున్నవి. మన యాడుబిడ్డలు వానిని కాక్టసులని పిలిచి కిటికీలయందు నిలుపుకొనుచున్నారు. వానిలో అనేకములు ఏడాది తిరుగక మునుపే క్రుళ్లి పోవుచున్నవి. పోయినప్పుడు “మా చేయి మంచిది కాదు” అని చింతించుటయే గాని, ఎందుకు పోయినదో విచారించువారు అరుదు. చేతి మంచిచెడ్డలతో దీనికి పనిలేదు. చెట్టును పెంచుట యనగా ముందుగా దాని పుట్టిల్లెఱుగుట యని మాకు తోచినది. ఆ సంగతియే యిచ్చట మనవి చేసికొందుము.

మా యింట నున్న కాక్టసు నాలుగేండ్ల క్రిందట వచ్చినది. మా వారియొద్ద చదివిన శిష్యు డొకడు కడియమునుండి తెచ్చి గురుదక్షిణ యని యిచ్చిపోయెను. అప్పుడది జానెడు పొడవు. స్తంభమువలె నిటారుగా నిలిచి, ఒడలెల్ల తెల్లని పట్టుదారములవంటి వెండ్రుకలు కప్పుకొని, వానినడుమ పసుపువన్నె సూదులతో చూచుటకు వింతగా నుండెను. మా పిల్లలు చూచిన దినముననే దానికి తాతగారని పేరు పెట్టిరి. ఆంగ్లేయులును దానిని కొండముసలివా డను నర్థము వచ్చు పేరుతోనే పిలుతురని పిదప తెలిసినది. శాస్త్రజ్ఞు లిడిన పేరు ఓరియోసీరియస్ సెల్సియానస్. గ్రీకు భాషలో ఓరోస్ అనగా కొండ. లాటినులో సీరియస్ అనగా మైనపువత్తి. కొండమీది క్రొవ్వొత్తి యన్నమాట. ఈ జాతికి 1909లో ఇటలీ దేశీయుడైన రిక్కోబోనో అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రత్యేక స్థానమిచ్చెను. మా అత్తగారు మాత్రము “ముళ్లచెట్టు గుమ్మములో నున్న యింట కలహము తప్పదందురు, పెరటిలో నుంచుడు” అని యాజ్ఞాపించిరి. పెరటి వసారా చూరుక్రింద దానికి చోటు దొరకినది. అదియే దానికి తగిన చోటగుట దైవసంకల్పము.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు. పెరూ దేశపు దక్షిణభాగము, బొలీవియా, ఉత్తర అర్జెంటీనా దాని జన్మభూములు. అక్కడ సముద్రమట్టమునకు 3000 మీటర్లకు పైబడిన యెత్తున అది సహజముగా పెరుగును. మన మహేంద్రగిరి యెత్తు 1501 మీటర్లు. మహేంద్రగిరిమీద మరియొక మహేంద్రగిరిని నిలిపిన నెంత యెత్తగునో, అంత యెత్తునుండి దాని కాపురము మొదలగునని యూహించుకొనవచ్చును. అంత యెత్తున గాలి పలుచన. పగటి యెండ తీక్షణము. రాత్రులందు నీరు గడ్డకట్టునంతటి చలి. వానలు వేసవి నెలలలో కొలదిగా కురిసి, తక్కిన కాలమంతయు పొడిగా నుండును. నేల యంతయు రాళ్లు. పడిన చినుకు నిలువక జాఱిపోవును.

ఇది తెలిసిన పిమ్మట దాని యాకారమున మాకు వింత తోచలేదు. ఆ తెల్లని వెండ్రుకలు అలంకారము కావు. అవి పగలు గొడుగు, రాత్రి కంబళి. ఆకులున్నచో వానిగుండ నీరు ఆవిరియై పోవును గావున, ఆకులే ముళ్లుగా మాఱినవి. అన్నము వండుకొను పని పచ్చని కాండమే చేసికొనును. ఒడలిపై నిలువుగా నున్న మడతలు హార్మోనియము తిత్తి మడతలవంటివి. వాన కురిసి వేళ్లు నీరు త్రాగినప్పుడు అవి విప్పుకొనును, ఎండకాలమున ముడుచుకొనును. చర్మము పగులకుండుటకు ఇంతకన్న చక్కని యుపాయము లేదు.

అన్నిటికంటె మాకు ఆశ్చర్యము గొలిపినది దాని భోజననియమము. సామాన్యముగా చెట్లు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములను తెఱచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని, సూర్యరశ్మితో ఆహారము సిద్ధము చేసికొనును. తెఱచిన వాకిలిగుండ నీరును బయటికి పోవును. ఎండుదేశమున పుట్టిన కాక్టసునకు ఆ దుబారా తగదు. అది పగలెల్ల తలుపులు మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెఱచును. అప్పుడు తీసికొన్న వాయువును ఒక విధమైన పులుసుగా మార్చి ఒడలిలో దాచుకొనును. మఱునాడు ఎండవేళ తలుపులు తీయకయే ఆ దాచిన సంబారముతో వంట చేసికొనును.

మా అత్తగారు ప్రతి కార్తికమాసమునందును నక్తముందురు. పగలెల్ల ఉపవసించి, నక్షత్రదర్శనమైన తరువాత భుజింతురు. మే మీ చెట్టు సంగతి వారికి చెప్పగా కొంతసే పాలోచించి, “అయినచో ఇది యేడాది పొడుగునను నక్తముండునది గదా” అనిరి. అంత చక్కని మాట మాకు గ్రంథములలో దొరకలేదు. ఆనాటినుండి ముళ్లచెట్టన్న పేరు పోయి మా యింట దానికి గౌరవము కలిగినది.

ఈ నక్తవ్రతమును కనిపెట్టుటలో మన తెలుగునేలతో సంబంధమున్న మనుష్యు డొకడు కలడు. నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక తోట యుండెడిది. రాక్స్‌బరో అను సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు దానిని నడపి కలకత్తాకు పోయిన పిమ్మట, 1793లో బెంజమిన్ హైన్ అను జర్మనీ దేశీయుడు దాని కధికారి యయ్యెను. ఆయన రణపాల యాకును నమలి చూచి, అది ప్రాతఃకాలమున పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉండునని గ్రహించెను. ఆ సంగతిని 1813లో జాబుగా వ్రాయగా అది 1815లో లండనులోని లిన్నియన్ సమాజమువారి గ్రంథమున అచ్చుపడినది. రాత్రి చేరిన పులుసు పగలు ఖర్చగుచున్నదని శాస్త్రజ్ఞులు విశదముగా నెఱుగుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టినది. రణపాల మన పెరళ్లలో నుండునదే. ఆకు నేలబడినచో అంచులనుండి పిల్లలు మొలచు చెట్టే. కావలసినవారు తెల్లవారినంతనే చిన్న తునకను నాలుకకు తాకించి చూచి ఉమివేయుడు. సాయంకాలము మరల చూడుడు. చుక్కకూర పులుపు ఉదయమున్నది సాయంకాలమునకు లేదు. మా వారు తరగతిపిల్లలచేత నిట్లే చేయించిరి. నాలుకపై తెలిసిన పాఠమును పిల్లలు మఱవరు.

ఇచ్చటనే మన కష్టము మొదలగుచున్నది. నక్తముండువారికి రాత్రి భోజనము ముఖ్యము గదా! ఈ చెట్టు రాత్రి తలుపు తెఱచుటకు రాత్రి చల్లగా నుండవలెను. మా భోగాపురము సముద్రపుటొడ్డు. చైత్రము మొదలు భాద్రపదమువఱకు రాత్రులందు ఉక్కయే గాని చల్లదన మరుదు. గాలి నిండ తేమ. ఆ దినములలో చెట్టు తలుపులు సరిగా తెఱవలేక, పెరుగుట మానివేసి ఊరకుండును. ఊరకున్న చెట్టు నీరు త్రాగదు. త్రాగని నీరు వేళ్లయొద్ద నిలిచి వానిని క్రుళ్లజేయును. వాడినదేమో యని జాలిపడి చెంబెడు నీరు పోయుదుము. ఆ జాలియే విషమగును. మా యిరుగుపొరుగు ఇల్లాలొకరు కాక్టసునకు తులసితో సమానముగా దినదినమును నీరు పోసిరి. పై వెండ్రుకలు నిగనిగలాడుచుండగనే మొదలు మెత్తబడి ఒకనాడు చెట్టు పడిపోయినది. ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఆమె ప్రేమలో లోపము లేదు. తులసి పుట్టిల్లు వేఱు, దీని పుట్టిల్లు వేఱు.

మే మాచరించు పద్ధతి యిట్టిది. కుండీ మట్టిదిగా నుండవలెను. అడుగున రంధ్రము తప్పక యుండవలెను. తోటమన్ను ఒక పాలు, ముతక ఇసుకయు చితుకగొట్టిన ఇటుకముక్కలును కలిపి రెండు పాళ్లు వేసితిమి. ఇసుక చంపావతి యేటిది. దగ్గఱనున్నది గదా యని సముద్రపుటిసుక తేరాదు, ఉప్పు వేళ్లకు చేటు. ఉదయపు టెండయు ధారాళమైన గాలియు తగులునట్టి చోటను, వాన నేరుగా పడని చోటను ఉంచవలెను. కార్తికము వెళ్లి రాత్రులు చల్లబడినది మొదలు ఫాల్గుణమువఱకు కుండీలోని మన్ను అడుగంట నెండిన పిదపనే, పదునైదు ఇరువది దినముల కొకమాఱు నీరు పోయుదుము. వేసవిలో అంతకంటెను తక్కువ, అదియును సాయంకాలమే. నీటిని మొదట పోయవలెను గాని తలమీద పోయరాదు. తడిసిన వెండ్రుకలు మాసి అట్టకట్టును.

వానకాలపు సంగతి అత్తగారికి చెప్పుట కొంచెము కష్టమైనది. ప్రతిదినమును తులసికి నీరు పోసిన చేతితో పక్కనున్న చెట్టును ఎండబెట్టుట వారికి పాపమనిపించెను. పెద్దలను వారింపరాదు, చెట్టును చంపుకొనరాదు. అందుచే “అమ్మా! ఇది ఆషాఢశుద్ధ ఏకాదశి మొదలు కార్తికమువఱకు చాతుర్మాస్యము పట్టును, ఒడలు మిక్కిలి ముడుచుకొన్ననాడు మాత్రము గరిటెడు తీర్థ మీయవచ్చును” అని విన్నవించితిమి. వారు నవ్విరి. నాటినుండి ఇతరులు చెంబు పట్టుకొని పోయినను వారే అడ్డుపడుచున్నారు.

దాని వెండ్రుకలలో పిండినల్లి దాగుట కలదు. తెల్లని వెండ్రుకలలో తెల్లని పురుగు సులభముగా కనబడదు గావున మొదలుదగ్గఱ మాసమునకు రెండుమాఱులు పరీక్షించి, పుల్లకు చుట్టిన దూదిని స్పిరిటులో ముంచి తుడువవలెను. మొదలు మెత్తబడినట్లు తోచిన ఆలస్యము చేయక, క్రుళ్లు కనబడని మేరకు పైభాగమును పదునైన కత్తితో కోసి, నీడలో కొన్ని వారములు ఆఱబెట్టి, పొడి ఇసుకలో నిలిపినచో మరల వేళ్లు పట్టు నాస కలదు. మఱియొక మాట. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను మా తీరమును ఏమి చేసినదో మే మెఱుగుదుము. తుపాను వార్త విన్నంతనే బరువైన యీ ముళ్లస్తంభమును ఇంటిలోనికి చేర్చవలెను. గాలికి ఎగిరినచో దానికే కాదు, మనకును అపాయము.

చెట్టు కొండది గావున కొండకు పంపుడని, అరకులో నున్న బంధువుల యింట నుంచుడని కొందఱు సలహా యిచ్చిరి. మే మాలోచించి మానితిమి. అరకులోయ మాకంటె చల్లన యగుట నిజమే; కాని యక్కడి వానయు మంచుతేమయు ఆండీస్ కొండలలో లేవు. పోనీ అనంతపురమునకు పంపుదమన్న పొడి కలదు గాని ఆ చలి లేదు. పేరు కొండయే యైనను కొండలన్నియు ఒక్కటి కావు. ఏ యూరును దాని పుట్టిల్లు కానేరదు గావున, ఉన్న యూరిలోనే దానికి వలసినది సమకూర్చుట మేలని తలచితిమి.

ఇక ముఖ్యముగా తల్లులకు చెప్పవలసిన సంగతి యొకటి కలదు. మనము జెముడని పిలుచు మొక్కలలో రెండు వేఱువేఱు కులములున్నవి. విజయనగర మండలపు రాతిగుట్టలమీద కోణములు దేఱి దీపస్తంభమువలె పెరుగు బొమ్మజెముడు మన దేశపుది; అది కాక్టసు కాదు, యుఫోర్బియా కులము. చట్రాలవంటి పలకలతో పొదగా పెరుగు నాగజెముడు నిజమైన కాక్టసే. కాని అమెరికానుండి వచ్చినది. ఒకప్పుడది చెన్నపురి రాజధాని భూములను విస్తారముగా ఆక్రమింపగా, 1926లో సింహళమునుండి ఒక పురుగును తెప్పించి దాని నణచిరి. బొమ్మజెముడునకును ఆండీసు కాక్టసునకును చుట్టరికము లేదు. ఒకే విధమైన కష్టము రెండింటికి ఒకే విధమైన రూపము నిచ్చినది.

రూపమొకటే యైనను గుణము వేఱు. యుఫోర్బియాను గిల్లిన తెల్లని పాలు కారును. ఆ పాలు చర్మమును పొక్కించును. కంటబడిన చూపునకే మోసము. అమరకోశమున దీనికి సమంతదుగ్ధ యను పేరున్నది. అన్నివైపులను పాలు గలది యని యర్థము. మా నాయనగారు బాల్యమున ఆ పర్యాయపదములను మాచేత వల్లె వేయించునప్పుడు, అది ఒక హెచ్చరికగా పనికివచ్చునని మే మెన్నడు నూహింపలేదు. రెండేండ్ల క్రిందట మా వీధిలో నొక యింట అయిదేండ్ల బాలుడు కాక్టసని కొనితెచ్చిన మూడుకోణముల మొక్కకొమ్మ విఱిచి, ఆ చేతితో కన్ను నలుపుకొనెను. బాలుడు గిలగిల కొట్టుకొనుచుండగా ఇంటివారు ఆముదము వేయుదమని కొందఱు, చనుబాలు పిండుదమని కొందఱు తొందరపడిరి. ఆనాడు ఆదివార మగుటచే మా వారింటనే యుండిరి. వారు వానిని ఎత్తుకొని వచ్చి, రెప్పలు తెఱచి పట్టి, పావుగంటసేపు ఎడతెగక మంచినీటి ధారతో కన్ను కడిగించి, వెంటనే విజయనగరములోని కంటివైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. సాయంకాలమునకు వాపు మఱింత హెచ్చి, రెండు దినములు బాలుడు కన్ను తెఱవలేదు. ఆ రెండు దినములును వాని తల్లి అన్నము ముట్టలేదు. పదవనాటికి చూపు చక్కబడినది. వెంటనే నీటితో కడుగుటయే రక్షించినదని వైద్యుడు చెప్పెను.

కావున ముళ్లమొక్క కొనునప్పుడు దీనిని పరీక్షింపుడు. ముళ్లగుత్తి చిన్న దూదిమచ్చనుండి పుట్టినచో అది కాక్టసు. దూదిమచ్చ లేక, ముళ్లు కోణపుటంచునుండియే జతలుగా వచ్చినచో యుఫోర్బియా యని యనుమానించి, పిల్లల కందని చోట నుంచుడు. సూదితో గ్రుచ్చి చూచిన పాలు చెప్పును. చూచిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఎఱ్ఱని చిన్నపూలతో ముద్దుగా నుండు ముళ్లకిరీటపు మొక్కయు ఆ కులమునదే.

తాతగారు నాలుగేండ్లలో నాలుగు వ్రేళ్ల మేర పెరిగెను. పుట్టింట నున్నచో మనిషిని మించిన యెత్తు పెరిగి, గులాబివన్నె గొట్టపుపూలు పూచి, తేనె త్రాగుటకు వచ్చు చిన్నపిట్టలకు విందు చేయును. ఎన్నో యేండ్లు గడచి, మనిషి నడుమంత యెత్తైన పిదప గాని పూయదట. మా ఉక్కరాత్రులలో అది పూయునని మే మాశపడుట లేదు. పూయని చెట్టును పెంచనేల యని యడుగువారు కలరు. పూలకొఱకే యైనచో మా పెరటిలో నందివర్ధనము లేదా?

మేము పందొమ్మిదవ యేట నరసరావుపేట ప్రాంతమునుండి కాపురమునకు వచ్చితిమి. కారము దిట్టముగా తిను నేలనుండి వచ్చిన మాకు ఇక్కడి బెల్లపు పులుసు గొంతు దిగలేదు. “బేగి రా” అన్న మాట అర్థముకాక నిలిచిపోయితిమి. మొదటి యేడు చిక్కిపోయిన మమ్ము చూచి నలుగురు నాలుగు విధముల మందు చెప్పిరి. మా అత్తగారు మాత్రము ఒకనాటి మధ్యాహ్నము ప్రక్కన కూర్చుండబెట్టుకొని “మీ యమ్మ యేమి వండెడిది?” అని యడిగిరి. మఱునాడు మా విస్తరిలో గోంగూర పచ్చడి యుండెను. ఆ యొక్క ప్రశ్నతో ఈ యూరు మాది యైనది.

ఈనాడు మా యింటికి ఏ క్రొత్తమొక్క వచ్చినను, ఎక్కడ నుంచవలెనని గాని, ఎంత నీరు పోయవలెనని గాని అత్తగా రడుగరు. కుండీ దించకముందే, “దీని పుట్టిల్లేది?” అని యడుగుదురు. చెల్లెండ్రారా, మీరును ఆ ప్రశ్నతోనే ప్రారంభింపుడు.